బాక్టీరియా కణం: నిర్మాణం, భాగాలు

రోగం కలిగించే బాక్టీరియాను చంపే మందు అదే శరీరంలో ఉన్న మన కణాలను ఎందుకు చంపదు? కొన్ని రకాల గొంతునొప్పికి పనిచేసే పెనిసిలిన్ మామూలు జలుబుకు ఎందుకు పనికిరాదు? క్షయవ్యాధికి నెలల తరబడి మందులు ఎందుకు మింగవలసి వస్తుంది? ఈ మూడు ప్రశ్నలకూ సమాధానం బాక్టీరియా కణ నిర్మాణంలో ఉన్నది. కనుక ఈ వ్యాసంలో ఆ కణాన్ని బయటి నుంచి లోపలికి, ఒక్కొక్క భాగంగా పరిశీలించదలిచాము. ప్రతి భాగం దగ్గరా ఒకే ప్రశ్న వేసుకుందాం: ఇటువంటిది మన కణంలో ఉన్నదా, లేదా? ఈ తేడా మీదనే ఆధునిక వైద్యంలో పెద్ద భాగం ఆధారపడి ఉన్నది.

ముందుగా కొన్ని మాటలు

మా పాఠకులలో చాలామంది విజ్ఞానశాస్త్రాన్ని తెలుగులో చదివినవారు కారు. బళ్లారి విద్యార్థి కన్నడంలో ‘జీవకోశ’ అని చదివి ఉంటాడు. హోసూరు విద్యార్థిని తమిళంలో ‘ఉయిరణు’ అనో ‘సెల్’ అనో చదివి ఉంటుంది. బరంపురంలో ‘కోష’ అంటారు, షోలాపూరులో ‘పేశీ’ అంటారు. తెలుగు పాఠ్యపుస్తకాలలో వీటన్నిటికీ సమానమైన మాట ‘కణం’. కన్నడంలోను, మరాఠీలోను కణమంటే పదార్థపు రేణువు అని అర్థం. తెలుగులో ఆ అర్థమూ ఉన్నది, జీవకణమనే అర్థమూ ఉన్నది. సందర్భాన్ని బట్టి గ్రహించాలి. అలాగే కన్నడ ‘కోశభిత్తి’ తెలుగులో ‘కణకవచం’ అవుతుంది. పలుచని పొరను ‘త్వచం’ అని, కణం లోపల నిండి ఉండే చిక్కని ద్రవాన్ని ‘కణద్రవ్యం’ అని అంటారు. మన కణాల వంటి వాటిలో జన్యుపదార్థం ఒక పొర లోపల భద్రంగా ఉంటుంది. ఆ భాగం పేరు ‘కేంద్రకం’. కేంద్రకం ఉన్నవి నిజకేంద్రక కణాలు. బాక్టీరియాలో ఆ పొర లేదు కనుక దాన్ని కేంద్రకపూర్వ కణం అంటారు. ఈ అయిదారు మాటలు తెలిస్తే మిగిలిన వ్యాసం కష్టం కాదు.

పరిమాణం, ఆకారం

హాలండు దేశంలో బట్టల వ్యాపారి అయిన లీవెన్‌హుక్, తాను స్వయంగా అరగదీసి తయారుచేసుకున్న కటకాలతో 1676లో తొలిసారి బాక్టీరియాను చూసి వర్ణించాడు. ఇవి ఎంత చిన్నవో చెప్పడానికి మనం ఉదాహరణగా ఎష్చరిషియా కోలై అనే బాక్టీరియాను తీసుకుందాం. ఇది మన పేగులలోనే ఉంటుంది. క్లుప్తంగా దీన్ని ఇ. కోలై అంటారు. ప్రపంచంలో శాస్త్రజ్ఞులు అన్నిటికంటె ఎక్కువగా పరిశీలించిన జీవులలో ఇది ఒకటి. దీని పొడవు సుమారు 2 మైక్రోమీటర్లు, అంటే మిల్లీమీటరులో 500వ వంతు. రెండు మిల్లీమీటర్ల ఆవగింజ అడ్డకొలతకు సరిపోవాలంటే ఇ. కోలై కణాలను సుమారు వేయింటిని వరుసగా పేర్చాలి.

ఆకారాన్ని బట్టి గుండ్రనివాటిని కోకస్ అని, కర్రముక్కల వంటివాటిని బాసిల్లస్ అని పిలుస్తారు. కలరా కలిగించే విబ్రియో కామా గుర్తులాగా వంగి ఉంటుంది. మరికొన్ని మరచుట్టులాగా మెలితిరిగి ఉంటాయి. పాలను పెరుగు చేసే లాక్టోబాసిల్లస్ కర్రముక్క ఆకారం కలది. వేరుశనగ వేళ్ల బుడిపెలలో నివసిస్తూ గాలిలోని నత్రజనిని మొక్కకు అందించే రైజోబియం జాతులు కూడా బాక్టీరియాలే. బాక్టీరియా అనగానే రోగమే గుర్తుకు రానవసరం లేదు. వీటిలో ఎక్కువ జాతులు మనకు ఏ హానీ చేయవు.

ఇంత చిన్నగా ఉండడంలో ఒక లాభం ఉన్నది. కణం చిన్నదైనకొద్దీ దాని ఘనపరిమాణంతో పోల్చితే ఉపరితల వైశాల్యం ఎక్కువవుతుంది. ఆహారం వేగంగా లోపలికి చేరుతుంది, వ్యర్థం వేగంగా బయటికి పోతుంది. ఈ నియమానికి మినహాయింపులు లేకపోలేదు. కరిబియన్ సముద్రంలోని గ్వాడలూప్ దీవిలో, యానాం దగ్గరి కోరింగ వంటి మడ అడవులలో, సుమారు ఒక సెంటీమీటరు పొడవు గల బాక్టీరియా ఉన్నదని 2022లో ప్రకటించారు. దాని పేరు థయోమార్గరీటా మాగ్నిఫికా. దాన్ని సూక్ష్మదర్శిని లేకుండానే చూడవచ్చు.

కణం వెలుపల ఉండేవి

కొన్ని బాక్టీరియాల చుట్టూ జిగురు వంటి పొర ఉంటుంది. దీన్ని గుళిక అంటారు. ఇక్కడ గుళిక అంటే మందు గుళిక కాదు, కణాన్ని కప్పి ఉండే తొడుగు. ఇది ఎక్కువగా చక్కెర అణువుల గొలుసులతో తయారవుతుంది. మన రక్తంలోని తెల్లకణాలు బాక్టీరియాను పట్టి మింగబోతే, ఈ జిగురు వల్ల పట్టు చిక్కదు. నిమోనియా కలిగించే బాక్టీరియాలో గుళిక ఉన్న రకం ఎలుకలను చంపుతుందని, లేని రకం చంపదని 1928లో ఇంగ్లండులో ఫ్రెడరిక్ గ్రిఫిత్ చూపించాడు. వేడితో చంపిన గుళిక రకాన్ని, బతికి ఉన్న గుళిక లేని రకాన్ని కలిపి ఎక్కించినప్పుడు కూడా ఎలుకలు చనిపోయాయి. చచ్చినవాటి నుంచి బతికినవాటికి ఏదో పదార్థం చేరి, గుళిక కట్టే విద్యను నేర్పిందన్నమాట. ఆ పదార్థం డి.ఎన్.ఏ. అని 1944లో ఆస్వాల్డ్ ఏవరీ, ఆయన సహచరులు నిరూపించారు. ఒక బాక్టీరియా నుంచి మరొకదానికి జన్యువులు చేరగలవన్న ఈ సంగతిని గుర్తుంచుకోవాలి. వ్యాసం చివరలో దీని అవసరం వస్తుంది. ఈనాడు నిమోనియాకు ఇచ్చే టీకాలు ఈ గుళికలోని చక్కెర గొలుసుల ఆధారంగా తయారైనవే.

కణం మీద సన్నని వెంట్రుకల వంటి పిలైలు కొన్నిటికి ఉంటాయి. ఇవి అతుక్కోవడానికి పనికివస్తాయి. మూత్రనాళంలో వ్యాధి కలిగించే ఇ. కోలై రకాలు మూత్రం ప్రవాహానికి కొట్టుకుపోకుండా నిలబడేది వీటి పట్టువల్లనే.

ఈదడానికి ఉపయోగపడే పొడవాటి తోకను కశాభం అంటారు. కలరా విబ్రియోకు ఒక చివర ఒకే కశాభం ఉంటుంది. ఇ. కోలైకి చుట్టూ అనేకం ఉంటాయి. మనలో వీర్యకణానికి కూడా తోక ఉన్నది కదా అని అడగవచ్చు. అయితే వీర్యకణం తోక కొరడాలాగా అటూ ఇటూ ఊగుతుంది. బాక్టీరియా కశాభం పడవ మోటారు చక్రంలాగా గుండ్రంగా తిరుగుతుంది. దాని మొదట్లో త్వచంలో బిగించి ఉన్న ప్రోటీనుల యంత్రం సెకనుకు వంద చుట్లకు పైగా తిప్పగలదు.

కణకవచం: పడుగు, పేక

మన వ్యాసానికి కేంద్రమైన భాగం ఇది. బాక్టీరియా కణద్రవ్యంలో లవణాలు, చక్కెరలు, అమైనో ఆమ్లాలు చాలా చిక్కగా ఉంటాయి. బయట ఉన్న నీరు లోపలికి రావాలని ఎప్పుడూ ఒత్తిడి చేస్తుంటుంది. ఎండుద్రాక్షను నీళ్లలో వేస్తే ఉబ్బడానికి కారణం ఇదే. పట్టి ఉంచే కవచం లేకపోతే బాక్టీరియా ఉబ్బి పగిలిపోతుంది. మన కణాలకు ఈ బాధ లేదు. వాటి చుట్టూ ఉన్న రక్తం, ఇతర ద్రవాలు వాటికి తగిన చిక్కదనంలోనే ఉండేటట్టు శరీరం చూసుకుంటుంది. అందుచేత మనకు కణకవచం లేదు, అవసరమూ లేదు.

ఈ కవచం పెప్టిడోగ్లైకాన్ అనే పదార్థంతో నేసిన సంచి. తెలుగు నేతకుటుంబాలు తరతరాలుగా స్థిరపడిన షోలాపూరు పాఠకులకు దీన్ని వివరించడం సులభం. పడుగులాగా ఒక దిశలో చక్కెర అణువుల గొలుసులు సాగుతాయి. పేకలాగా పొట్టి అమైనో ఆమ్లాల గొలుసులు వాటిని అడ్డంగా కలిపి ముడివేస్తాయి. అయితే మగ్గం మీది బట్టలో దారాలు ఒకదానిలో ఒకటి అల్లుకుంటాయి, ఇక్కడ రసాయన బంధాలతో అతుక్కుంటాయి. ఆ విధంగా కణం చుట్టూ ఉన్న సంచి అంతా ఒకే పెద్ద అణువు అవుతుంది. కణం పెరిగేటప్పుడు పాత ముడులను కొన్నిటిని విప్పి, కొత్త గొలుసులను చేర్చి, మళ్లీ ముడివేయాలి. ఈ పని చేసేవి ఎంజైములు.

లండనులో అలెగ్జాండర్ ఫ్లెమింగ్ ఈ కవచాన్ని దెబ్బతీసే రెండు పదార్థాలను కనుగొన్నాడు. 1922లో కనుగొన్న లైసోజైము మన కన్నీటిలో, ఉమ్మిలో ఉంటుంది. ఇది పడుగును, అంటే చక్కెర గొలుసులను, తెగగొడుతుంది. 1928లో బూజునుంచి కనుగొన్న పెనిసిలిన్ పేకను ముడివేసే ఎంజైముకు అడ్డుపడుతుంది. పెనిసిలిన్ ఉన్న చోట పాత ముడులు విప్పుకోవడం సాగుతూనే ఉంటుంది, కొత్త ముడి పడదు. కవచం బలహీనపడి, కణం పగిలిపోతుంది. కనుక పెనిసిలిన్ పెరుగుతున్న బాక్టీరియాను చంపుతుంది, పెరుగుదల లేకుండా నిద్రాణంగా ఉన్నదాన్ని అంతగా చంపలేదు. మన కణాలకు పడుగూ లేదు, పేకా లేదు. కనుక పడని వారికి ఎలర్జీ వస్తుందన్న మాట తప్పిస్తే, పెనిసిలిన్ మన కణాలకు చేసే హాని చాలా తక్కువ.

మైకోప్లాస్మా అనే బాక్టీరియాకు కణకవచమే లేదు. అది కూడా ఒక రకం నిమోనియా తెస్తుంది. దాని మీద పెనిసిలిన్ ఎంత పెద్ద మోతాదులో వాడినా ప్రయోజనం లేదు. ఇక మామూలు జలుబును కలిగించే వైరస్‌కు కవచం మాట అటుంచి, కణమే లేదు. మన ప్రశ్నలలో రెండవదానికి ఇదే సమాధానం.

గ్రామ్ పరీక్ష, రెండు రకాల కవచాలు

ఆసుపత్రి ప్రయోగశాల ఇచ్చే కాగితంలో ‘గ్రామ్ పాజిటివ్’, ‘గ్రామ్ నెగెటివ్’ అనే మాటలు తరచుగా కనిపిస్తాయి. గ్రామ్ అనేది తూకం కాదు, మనిషి పేరు. డెన్మార్కుకు చెందిన హాన్స్ క్రిస్టియన్ గ్రామ్ బెర్లినులో పనిచేస్తూ 1884లో ఈ పరీక్షను ప్రకటించాడు. గాజుపలక మీది బాక్టీరియాకు ఊదారంగు వేసి, అయోడిన్ పోసి, తర్వాత ఆల్కహాలుతో కడుగుతారు. కొన్ని రకాలు ఊదారంగును వదలవు. అవి గ్రామ్ పాజిటివ్. మిగిలినవి రంగును వదిలి, ఆ తర్వాత వేసే మరో రంగు వల్ల గులాబీరంగులో కనిపిస్తాయి. అవి గ్రామ్ నెగెటివ్.

ఈ తేడాకు కారణం ఆనాడు ఎవరికీ తెలియదు. ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని వచ్చిన తర్వాతే కవచాల నిర్మాణం స్పష్టమయింది. గ్రామ్ పాజిటివ్ రకాలలో కవచం మందంగా, అనేక వరుసలుగా ఉంటుంది. ఆల్కహాలు తగలగానే అది ముడుచుకుని లోపలి రంగును బంధిస్తుంది. గ్రామ్ నెగెటివ్ రకాలలో కవచం కొద్ది నానోమీటర్ల పలుచని పొర మాత్రమే. అయితే దానికి వెలుపల మరో త్వచం ఉంటుంది. ఆల్కహాలు ఆ కొవ్వు త్వచాన్ని చెదరగొట్టడంతో రంగు బయటికి పోతుంది. కురుపులకు కారణమయ్యే స్టాఫిలోకాకస్ మొదటి రకం. ఇ. కోలై, టైఫాయిడు కలిగించే సాల్మొనెల్లా, కలరా విబ్రియో రెండవ రకం.

గ్రామ్ నెగెటివ్ రకాల వెలుపలి త్వచం కోటకు బయటి ప్రాకారం వంటిది. దానిలో పోరిన్లు అనే ప్రోటీను ద్వారాలు ఉంటాయి. చిన్న అణువులు వాటిగుండా వెళ్లగలవు, చాలా మందులు వెళ్లలేవు. మొదటి పెనిసిలిన్ వీటిలో ఎక్కువ జాతులపై సరిగా పనిచేయలేదు. పోరిన్లగుండా మరింత సులభంగా వెళ్లగల ఆంపిసిలిన్ 1961లో వచ్చిన తర్వాతే ఈ లోటు కొంత తీరింది. వెలుపలి త్వచంలో ఉండే లైపోపాలిసాకరైడ్ అనే పదార్థం బాక్టీరియా చచ్చి చెదిరిన తర్వాత కూడా రక్తంలో విషంగా పనిచేసి, తీవ్రమైన జ్వరాన్ని, ఒక్కొక్కప్పుడు రక్తపోటు పడిపోయి ప్రాణాపాయాన్ని కలిగిస్తుంది.

క్షయ బాక్టీరియా ఈ రెండు వర్గాలలోను సరిగా ఇమడదు. రాబర్ట్ కాఖ్ 1882లో గుర్తించిన ఈ బాక్టీరియా కవచం మీద మైకాలిక్ ఆమ్లాలతో కూడిన మైనం వంటి పొర ఉంటుంది. మామూలు రంగులు దానికి అంటవు. వేడిచేసి ఎర్రరంగు పట్టిస్తే ఆమ్లంతో కడిగినా పోదు. కళ్లె పరీక్షలో చూసేది దీన్నే. ఈ మైనం పొర అనేక మందులను లోపలికి రానివ్వదు. పైగా ఈ బాక్టీరియా ఒకసారి విభజన చెందడానికి సుమారు 15 నుంచి 20 గంటలు పడుతుంది. కొన్ని కణాలు నిద్రాణంగా కూడా ఉండిపోతాయి. అందుచేతనే మామూలు క్షయకు కూడా నెలల తరబడి చికిత్స అవసరమవుతున్నది. 1952 నుంచి వాడుకలో ఉన్న ఐసోనియాజిడ్ ఈ మైకాలిక్ ఆమ్లం తయారీనే ఆపుతుంది. మద్రాసులో 1956లో ప్రారంభమైన క్షయ రసాయన చికిత్సా కేంద్రం, ఇంటి దగ్గర ఉండి ఈ మందులు మింగిన రోగులకు శానటోరియంలో చేరినవారితో సమానమైన ఫలితం కలుగుతుందని 1959లో చూపించింది. పేదవాడు ఉద్యోగాన్ని, కుటుంబాన్ని వదలకుండానే చికిత్స పొందవచ్చునని ప్రపంచానికి తెలిసింది దీనివల్లనే.

కణత్వచం: ఊపిరి పీల్చే చోటు

కవచానికి లోపల ఆనుకుని కణత్వచం ఉంటుంది. ఇది రెండు వరుసల కొవ్వు అణువులతో, వాటి మధ్య ఇమిడిన ప్రోటీనులతో ఏర్పడినది. ఏది లోపలికి రావాలో, ఏది బయటికి పోవాలో ఇది నిర్ణయిస్తుంది. మన కణాలలో శక్తిని తయారుచేయడానికి మైటోకాండ్రియా అనే ప్రత్యేక భాగాలున్నాయి. బాక్టీరియాలో అవి లేవు. ఆ పనిని కణత్వచమే చేస్తుంది. ఆహారం నుంచి వచ్చే శక్తితో హైడ్రోజన్ అయాన్లను త్వచం వెలుపలికి తోసి, అవి తిరిగి లోపలికి వచ్చేటప్పుడు ఆ ప్రవాహంతో ఏ.టి.పి. అనే అణువును తయారుచేసుకుంటుంది. ఆనకట్ట నుంచి జారే నీటితో విద్యుత్తు తీసినట్టే ఇది.

బాక్టీరియా నుంచి మనిషి వరకు అన్ని జీవులకూ చెల్లుబాటయ్యే శక్తి నాణెం ఈ ఏ.టి.పి. కండరాలలో దీని ఉనికిని 1929లో జర్మనీలో కార్ల్ లోమన్, అమెరికాలో హార్వర్డు విశ్వవిద్యాలయంలో సైరస్ ఫిస్క్, యల్లాప్రగడ సుబ్బారావు వేరువేరుగా కనుగొన్నారు. భీమవరంలో 1895లో పుట్టి, మద్రాసు వైద్య కళాశాలలో చదివిన సుబ్బారావు పేరు ఈ వ్యాసంలో మరి రెండుసార్లు రావలసి ఉన్నది.

త్వచం విషయంలో బాక్టీరియాకూ మనకూ ఉన్న తేడా కవచంలో ఉన్నంత పెద్దది కాదు. అందువల్ల త్వచాన్ని దెబ్బతీసే కొలిస్టిన్ వంటి మందులు మన మూత్రపిండాలకు కూడా హాని చేయగలవు. మరో దారి లేనప్పుడే వైద్యులు వాటిని వాడతారు. తేడా ఎంత పెద్దదైతే మందు అంత క్షేమమైనదన్న సూత్రం ఇక్కడ స్పష్టంగా కనిపిస్తుంది.

కణద్రవ్యం, రైబోజోములు

త్వచం లోపల అంతా ఒకే గది. మన కణంలో ఉన్నట్టు వేరువేరు పనులకు పొరలతో కట్టిన గదులు సాధారణంగా ఉండవు. అలాగని అది కేవలం సంచీడు ద్రవమూ కాదు. బాక్టీరియాకు లోపలి అస్థిపంజరం వంటిదేదీ లేదని పాతపుస్తకాలలో రాసేవారు. కణం రెండుగా విడిపోయేటప్పుడు ఎఫ్.టి.ఎస్. జెడ్ అనే ప్రోటీను మధ్యలో ఉంగరంలా ఏర్పడుతుందని 1991లో తెలిసింది. ఆ తర్వాత అటువంటి మరికొన్ని ప్రోటీనులు కూడా కనిపించాయి. మీ చేతిలోని పాఠ్యపుస్తకం పాతదైతే ఈ ఒక్క వాక్యాన్ని సరిచేసుకోవాలి.

కణద్రవ్యంలో వేల సంఖ్యలో రైబోజోములు ఉంటాయి. జన్యువుల సందేశాన్ని చదివి ప్రోటీనులు తయారుచేసే యంత్రాలు ఇవి. బాక్టీరియా రైబోజోము 70 ఎస్ రకం, మన కణద్రవ్యంలోనిది 80 ఎస్ రకం. ఎస్ అనేది అపకేంద్ర యంత్రంలో వేగంగా తిప్పినప్పుడు కణిక ఎంత త్వరగా అడుగుకు చేరుతుందో తెలిపే కొలత. బాక్టీరియా రైబోజోములో 30 ఎస్, 50 ఎస్ అనే రెండు ఖండాలున్నాయి. 30, 50 కలిస్తే 80 కావాలి గదా, 70 ఎలా అయింది అని విద్యార్థులు తరచుగా అడుగుతారు. ఈ కొలత బరువు మీదనే కాక ఆకారం మీద కూడా ఆధారపడుతుంది కనుక మామూలు కూడిక ఇక్కడ చెల్లదు.

స్ట్రెప్టోమైసిన్, టెట్రాసైక్లిన్ 30 ఎస్ ఖండానికి అంటుకుని పని చెడగొడతాయి. ఎరిత్రోమైసిన్ 50 ఎస్ ఖండానికి అంటుకుంటుంది. టెట్రాసైక్లిన్ కుటుంబంలో మొదటిదైన ఆరియోమైసిన్ 1948లో అమెరికాలోని లెడర్లీ సంస్థ నుంచి వెలువడింది. కనుగొన్నవాడు బెంజమిన్ డగ్గర్, అక్కడి పరిశోధనలకు డైరెక్టరు సుబ్బారావు. అదే సంవత్సరం ఆగస్టులో ఆయన మరణించారు.

రైబోజోముల విషయంలో ఒక చిక్కు ఉన్నది. మన మైటోకాండ్రియాలో కూడా బాక్టీరియా రైబోజోములను పోలినవి ఉన్నాయి. ఒకానొక యుగంలో ఒక పెద్ద కణంలోకి చేరి స్థిరపడిపోయిన బాక్టీరియాయే మైటోకాండ్రియా అయిందన్న వాదాన్ని లిన్ మార్గులిస్ 1967లో బలంగా ముందుకు తెచ్చింది. ఈనాడు దీన్ని శాస్త్రజ్ఞులు అంగీకరిస్తున్నారు. స్ట్రెప్టోమైసిన్ కొందరిలో వినికిడిని దెబ్బతీయడానికి గల కారణాలలో ఈ పోలిక ఒకటని భావిస్తున్నారు.

కణద్రవ్యంలోని రసాయన చర్యలలోను తేడాలున్నాయి. ఫోలిక్ ఆమ్లం అనే విటమిన్ అన్ని కణాలకూ కావాలి. మనం దాన్ని ఆకుకూరలు, పప్పుల నుంచి పొందుతాము, మన కణాలు తయారుచేయలేవు. చాలా బాక్టీరియాలు దాన్ని స్వయంగా తయారుచేసుకుంటాయి. సల్ఫా మందులు ఆ తయారీని ఆపుతాయి. మనకు ఆ తయారీయే లేదు కనుక ఆ దెబ్బ మన కణాలకు తగలదు. ఫోలిక్ ఆమ్లాన్ని ప్రయోగశాలలో కృత్రిమంగా తయారుచేసిన ఘనత 1945లో సుబ్బారావు నాయకత్వంలో పనిచేసిన బృందానిదే.

జన్యుపదార్థం, ప్లాస్మిడ్లు

బాక్టీరియా డి.ఎన్.ఏ. ఎక్కువ జాతులలో ఒకే వలయంగా ఉంటుంది. అది ఉండే చోటుకు చుట్టూ పొర లేదు. ఇ. కోలైలో ఈ వలయం సుమారు 46 లక్షల అక్షరాల జంటలు కలది. ఆ క్రమాన్ని మొత్తంగా 1997లో ప్రకటించారు. దానిలో ఉన్న జన్యువులు సుమారు 4,300. తెగగొట్టి సాగదీస్తే దాని పొడవు ఒకటిన్నర మిల్లీమీటర్లు, అంటే కణం పొడవుకు దాదాపు 750 రెట్లు. అంత దారాన్ని చిక్కుపడకుండా మెలిపెట్టి సర్దడానికి గైరేజ్ అనే ఎంజైము తోడ్పడుతుంది. సిప్రోఫ్లాక్సాసిన్ వంటి మందులు దెబ్బతీసేది ఈ ఎంజైమును.

అనుకూల పరిస్థితులలో ఇ. కోలై 20 నిమిషాలకు ఒకసారి రెండు అవుతుంది. ఆహారం అయిపోకుండా ఉంటే ఒక కణం 10 గంటలలో 30 తరాలు దాటి 107 కోట్లకు పైగా అవుతుంది. ఇన్ని కోట్ల సార్లు జన్యుపదార్థాన్ని నకలు తీసేటప్పుడు అక్కడక్కడ తప్పులు దొర్లుతాయి. ఆ తప్పులలో ఏ ఒక్కటైనా మందును తట్టుకునే గుణాన్ని ఇస్తే, మందు వాడినప్పుడు మిగిలినవి చచ్చి ఆ ఒక్కటీ వృద్ధి చెందుతుంది.

ప్రధాన వలయం కాక, ప్లాస్మిడ్లు అనే చిన్న వలయాలు కూడా చాలా బాక్టీరియాలలో ఉంటాయి. ఈ పేరు 1952లో జాషువా లెడర్‌బర్గ్ పెట్టినది. బాక్టీరియాలు ఒకదానికొకటి తగులుకుని జన్యువులను ఇచ్చుకోగలవని లెడర్‌బర్గ్, టేటమ్ 1946లోనే చూపించారు. ఒక ప్రత్యేక రకం పిలై సాయంతో రెండు కణాలు దగ్గరకు చేరి, ప్లాస్మిడ్ నకలు ఒకదాని నుంచి మరొకదానికి వెళుతుంది. ఇచ్చేదీ పుచ్చుకునేదీ ఒకే జాతివి కానక్కరలేదు. అనేక మందులను తట్టుకునే గుణం ఈ విధంగా రక్తవిరేచనాల బాక్టీరియాకు, ఇ. కోలైకి మధ్య ఒక్కసారిగా చేతులు మారగలదని 1959లో జపాను శాస్త్రజ్ఞులు గుర్తించారు. గ్రిఫిత్ ఎలుకలలో చూసిన జన్యువుల బదిలీ ఆసుపత్రులలో ఎంత ప్రమాదకరమో అప్పటినుంచి తెలియవచ్చింది.

బాక్టీరియా తనను తాను కాపాడుకునే పద్ధతులు కూడా పైన చెప్పిన భాగాలలోనే ఉన్నాయి. కొన్ని రకాలు పెనిసిలిన్‌ను ముక్కలు చేసే ఎంజైమును తయారుచేస్తాయి. గ్రామ్ నెగెటివ్ రకాలలో ఆ ఎంజైము రెండు త్వచాల నడుమ కాపలా కాస్తుంది. కొన్ని పోరిన్ ద్వారాలను తగ్గించుకుంటాయి. కొన్ని లోపలికి వచ్చిన మందును త్వచంలోని పంపులతో బయటికి తోడేస్తాయి. మరికొన్ని మందు అంటుకునే చోటునే మార్చుకుంటాయి. మెతిసిలిన్‌కు లొంగని స్టాఫిలోకాకస్, 1961లో ఇంగ్లండులో బయటపడినది, ఈ చివరి రకం. మందులకు లొంగని బాక్టీరియా కారణంగానే 2019లో ప్రపంచంలో సుమారు 12.7 లక్షల మంది చనిపోయారని 2022లో ప్రచురితమైన ఒక పెద్ద అధ్యయనం అంచనా వేసింది.

సిద్ధబీజాలు

బాసిల్లస్, క్లాస్ట్రిడియం వంటి కొన్ని ప్రజాతులు ఆహారం కరువైనప్పుడు కణం లోపల సిద్ధబీజాన్ని తయారుచేసుకుంటాయి. జన్యుపదార్థం ఒక నకలును, కొద్దిపాటి కణద్రవ్యాన్ని అనేక దళసరి పొరలతో చుట్టి, నీటిని చాలావరకు తొలగించి భద్రపరచుకోవడమన్నమాట. ఇది సంతానోత్పత్తి కాదు. ఒక కణం నుంచి ఒకే బీజం వస్తుంది. మరిగే నీటిని కూడా ఇవి తట్టుకోగలవు. ధనుర్వాతం కలిగించే క్లాస్ట్రిడియం సిద్ధబీజాలు మట్టిలో ఏళ్ల తరబడి బతికి ఉంటాయి. తుప్పుపట్టిన మేకు గుచ్చుకున్నప్పుడు ప్రమాదం తుప్పులో లేదు, దాన్ని అంటిన మట్టిలో ఉన్నది. బాసిల్లస్ సీరియస్ సిద్ధబీజాలు అన్నం వండేటప్పుడు చావవు. వండిన అన్నాన్ని ఉక్కపోత వేళ గంటల తరబడి బయటనే ఉంచితే అవి మొలకెత్తి, వాంతులు కలిగించే విషాన్ని తయారుచేస్తాయి. మళ్లీ వేడిచేసినా ఆ విషం పోదు. శస్త్రచికిత్స పనిముట్లను ఒత్తిడిలో 121 డిగ్రీల ఆవిరిలో 15 నిమిషాలకు తక్కువ కాకుండా ఉంచేది ఈ బీజాలు చావడానికే. మన ప్రెషర్ కుక్కరు పనిచేసేది కూడా ఇదే సూత్రం మీద.

తెలుసుకున్నందువల్ల ప్రయోజనం

కవచం మీద పెనిసిలిన్, మైనం పొర మీద ఐసోనియాజిడ్, రైబోజోము మీద టెట్రాసైక్లిన్, ఫోలిక్ ఆమ్లం తయారీ మీద సల్ఫా, డి.ఎన్.ఏ. మెలిక మీద సిప్రోఫ్లాక్సాసిన్ పనిచేస్తాయని చూశాము. ఇటువంటి గురిస్థానాలు లెక్కకు కొద్దిగానే ఉన్నాయి. బాక్టీరియా ఒక్కొక్కదాన్ని మూసివేసుకుంటే, దానికి బదులు మరొకదాన్ని వెతకడానికి ఏళ్లు పడుతుంది. జలుబుకు యాంటీబయాటిక్ మింగినప్పుడు వైరస్‌కు ఏమీ కాదు. మన పేగులలోని కోట్లాది బాక్టీరియాలలో మందుకు లొంగేవి చచ్చి, లొంగనివి మిగులుతాయి. వాటి ప్లాస్మిడ్లు రేపు ఒక రోగకారక బాక్టీరియాకు చేరవచ్చు. వైద్యుడు అవసరమన్నప్పుడే, చెప్పిన మోతాదులో, చెప్పినన్ని రోజులు వాడాలనే సలహాకు ఆధారం ఇదే.

విద్యార్థులకు ఒక చిన్న అభ్యాసాన్ని సూచిస్తున్నాము. ఇ. కోలై కణం బొమ్మను గీసి, ప్రతి భాగానికీ మీ పాఠశాల భాషలోని పేరును, పక్కనే తెలుగు పేరును రాయండి. మూడవ వరుసలో ఆ భాగం మీద పనిచేసే మందు పేరు చేర్చండి. ఇంట్లో పెద్దవాళ్లు మందుచీటీ తెచ్చి ఇది దేనికని అడిగినప్పుడు ఆ కాగితం చూపి తెలుగులో వివరించండి. మోతాదు సంగతి మాత్రం వైద్యుణ్ణే అడగమనండి.